మెట్ల కింద గది

గత దసరాకు ముందు ఒక సాయంత్రం ఏడుంబావుకు మా అక్క ఫోన్ చేసింది. "నువ్వు కొంచెం రారా" అంది. ఏమైందని అడిగితే మాట రాలేదు. వెనకాల ఎవరిదో మగ గొంతు, "ఫోన్ పెట్టేయమ్మా, సార్ వస్తాండాడు" అంటోంది. దుకాణం పేరు చెప్పి పెట్టేసింది.

పండగ రోజుల్లో కడప ఏడు రోడ్ల కూడలి ఎట్లుంటుందో ఊరివాళ్లకు తెలుసు. స్కూటర్ దూరంగా నిలిపి, వై.వి. స్ట్రీట్ జనంలోంచి నడుచుకుంటూ పోయేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. దారి పొడవునా టెన్షనే. పాపకు ఏమైనా అయిందేమో, అక్క కళ్లు తిరిగి పడిందేమో అనుకున్నాను. దొంగతనం అన్న మాట మాత్రం నా తలలోకి రాలేదు.

దుకాణం వెనక, పై అంతస్తుకు వెళ్లే మెట్ల కింద ఒక చిన్న గది ఉంది. అట్టపెట్టెలు, ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కుర్చీలో అక్క కూర్చుని ఉంది. ఒళ్లో నాలుగున్నరేళ్ల పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. బల్ల మీద అక్క గుడ్డసంచిలోని వస్తువులన్నీ కుమ్మరించి ఉన్నాయి. పక్కన 2,340 రూపాయల బిల్లు. వాటికి కొంచెం ఎడంగా, ఎవరూ ముట్టుకోకూడని వస్తువులాగా, జడ క్లిప్పుల ప్యాకెట్ ఒకటి. ధర 129 రూపాయలు. అది బిల్లులో లేదు.

అక్క బిల్లింగ్ దగ్గర నిలబడినప్పుడు పాప దాన్ని సంచిలో వేసింది. గేటు దగ్గర బీప్ మోగింది. సెక్యూరిటీ మనిషి సంచి లాక్కుని, చెయ్యి పట్టుకుని ఈ గదిలోకి తెచ్చాడు. అక్కడ పనిచేసే అమ్మాయి ఒకామె, పందొమ్మిదేళ్లు ఉంటాయేమో, మేనేజర్ చెబితే అక్క నడుము, చీర కుచ్చిళ్లు తడిమి చూసింది. ఇదంతా నేను పోకముందే అయిపోయింది.

మేనేజర్ నాతో మర్యాదగానే మాట్లాడాడు. "మూడు వేలు ఫైన్ కట్టి, తప్పయిందని కాగితం రాసిచ్చి పోండి సార్. లేదంటే 379 కింద కేసు పెడతాం. ఆడమనిషి, పండగపూట స్టేషన్ ఎందుకు?" అన్నాడు.

నేను కట్టాను. ఫోన్‌లోనే పంపాను. అక్క ఆ కాగితం మీద సంతకం పెట్టింది. "నేను దొంగతనం చేశాను, ఒప్పుకుంటున్నాను" అని రాయించారు. ఆ క్లిప్పుల ప్యాకెట్ చేత పట్టించి ఫోటో తీశారు. ఇంటికొచ్చాక ఎవరమూ అన్నం తినలేదు. ఆ రోజు నుంచి అక్క ఆ వీధిలో అడుగు పెట్టలేదు. ఏదైనా కావాలంటే బావను పంపుతుంది.

నేను లాయర్‌ని కాను. ప్రైవేటు కాలేజీలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషిని. కానీ ఆ మూడు వేలు కట్టిన రాత్రి నుంచి ఒకటే ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ గదిలో మా అక్కకు జరిగినవాటిలో దేనికి చట్టం ఒప్పుకుంటుంది? చట్టం పాఠం తెప్పించుకుని చదివాను. కోర్టులో ప్రాక్టీస్ చేసే మిత్రుడి దగ్గర కూర్చుని నా అర్థం సరైనదో కాదో అడిగాను. తెలిసిన సంగతి ఇది: దుకాణం సెక్యూరిటీ గార్డుకు, దారిన పోయే మామూలు మనిషికి ఉన్న అధికారం కంటే ఒక్క వీసమెత్తు కూడా ఎక్కువ అధికారం లేదు. అతను వేసుకున్న యూనిఫాం అతనికి ఉద్యోగం ఇచ్చింది, అధికారం ఇవ్వలేదు.

మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకోవచ్చా? పట్టుకోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 40వ సెక్షన్ ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 43వ సెక్షన్. ప్రకటిత నేరస్థుల, అంటే పరారీలో ఉన్నారని కోర్టు ప్రకటించినవాళ్ల సంగతి పక్కన పెడితే, ఈ సెక్షన్ చెప్పేదాంట్లో రెండు ముడులున్నాయి. నేరం ఆ పట్టుకునే మనిషి సమక్షంలో జరగాలి. ఆ నేరం నాన్‌బెయిలబుల్ అయి ఉండాలి, కాగ్నిజబుల్ కూడా అయి ఉండాలి. నాన్‌బెయిలబుల్ అంటే బెయిలు హక్కుగా రాని, కోర్టు ఇస్తేనే వచ్చే నేరం. కాగ్నిజబుల్ అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండానే పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చేయగల నేరం. ఈ రెండు ముడులూ పడినప్పుడే పట్టుకోవచ్చు. పట్టుకున్నాక అనవసరమైన ఆలస్యం లేకుండా, ఎంత ఆలస్యమైనా 6 గంటల లోపల, పోలీసులకు అప్పజెప్పాలి.

ఈ 6 గంటల మాట కొత్త చట్టంలోనే వచ్చింది. దీన్ని కొందరు తలకిందులుగా చదువుతున్నారు. ఆరు గంటలు మన దగ్గర కూర్చోబెట్టుకోవచ్చు అనుకుంటున్నారు. అది దాటకూడని గట్టు, అంతే. మన కడపలో ఏ దుకాణం నుంచైనా పోలీసులకు ఫోన్ చేయడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఫోన్ చేయకుండా గడిచే ప్రతి పావుగంటకూ దుకాణం వాళ్లు జవాబు చెప్పుకోవాలి. మా అక్కను కూర్చోబెట్టిన గంటన్నరలో పోలీసులకు ఒక్క ఫోన్ కూడా పోలేదు. పోలీసుల పేరు మాత్రం పదిసార్లు వినిపించారు.

"సమక్షంలో" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. గేటు బీప్ మోగడం నేరం చూడటం కాదు. బిల్లింగ్ దగ్గర ట్యాగ్ తీయడం మర్చిపోయినా మోగుతుంది. వేరే దుకాణంలో కొన్న వస్తువు ట్యాగ్ సంచిలో ఉన్నా మోగొచ్చు. సీసీ కెమెరాలో పది నిమిషాల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే అది ఆధారం అవుతుంది, పోలీసులకు ఇవ్వాల్సిందే. కానీ ఆ గేటు దగ్గర నిలబడ్డ మనిషి కళ్లెదుట ఏం జరిగింది? ఒక తల్లి, ఒక పాప, ఒక సంచి, ఒక శబ్దం.

ఇక రెండో ముడి. ఇదే చాలామందికి తెలియదు. నాకూ తెలియదు. మేనేజర్ బెదిరించిన 379 పాత ఇండియన్ పీనల్ కోడ్‌లోది. ఆ కోడ్ 2024 జులై 1న పోయింది. దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దొంగతనం ఇప్పుడు అందులో 303వ సెక్షన్. పాత చట్టంలో పది రూపాయల సబ్బు తీసినా, పది లక్షల నగ తీసినా నేరం స్వభావం ఒకటే, రెండూ కాగ్నిజబుల్, రెండూ నాన్‌బెయిలబుల్. కొత్త చట్టం అక్కడ ఒక గీత గీసింది. వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, ఆ మనిషికి అది మొదటి శిక్ష అయి, వస్తువు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే, వేసే శిక్ష సమాజ సేవ. జైలు కాదు. కోర్టు చెప్పిన చోట, జనానికి పనికొచ్చే పని జీతం లేకుండా చేయడం. నాగరిక సురక్షా సంహిత మొదటి షెడ్యూలులో ఇలాంటి 5,000 లోపు దొంగతనాన్ని నాన్‌కాగ్నిజబుల్, బెయిలబుల్ అని రాశారు.

ఈ రెండూ కలిపి చదవండి. మామూలు మనిషి పట్టుకోవాలంటే నేరం కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ కావాలి. 129 రూపాయల క్లిప్పుల ప్యాకెట్ దొంగతనం, నిజంగా దొంగతనమే అయినా, రెండూ కాదు. ఇలాంటి కేసులో పోలీసులు కూడా మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా దర్యాప్తు మొదలుపెట్టలేరు. పోలీసుల చేతులే కట్టేసిన చోట సెక్యూరిటీ మనిషి చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లాడు.

ఇక్కడ దుకాణాల తరఫున ఒక వాదన ఉంది. దాన్ని దాచిపెట్టి నా వాదన గెలిపించుకోవడం నాకిష్టం లేదు. న్యాయ సంహితలో 305వ సెక్షన్ ఉంది. మనుషులు నివసించే ఇంట్లో, లేదా వస్తువులు భద్రపరిచే కట్టడంలో దొంగతనం జరిగితే ఏడేళ్ల దాకా శిక్ష. అక్కడ 5,000 గీత లేదు. అది కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్. దుకాణం కూడా సరుకు భద్రపరిచే కట్టడమే కదా అని దుకాణం లాయరు అనొచ్చు. అంటారు కూడా. అయితే జనం లోపలికి వచ్చి, వస్తువు చేత్తో తీసుకుని, బుట్టలో వేసుకోమని పిలిచే చోటును, తాళం వేసిన గోదాముతో సమానంగా చూడటం నాకు సబబుగా అనిపించదు. 5,000 లోపు చిన్న దొంగతనాలకు సమాజ సేవ చాలునని పార్లమెంటు రాసుకున్నాక, ఆ చిన్న దొంగతనాలు ఎక్కువగా జరిగే దుకాణాలనే దాని నుంచి తప్పిస్తే ఆ మాటకు మిగిలేదేముంది? సరే, వాళ్ల వాదనే నెగ్గిందనుకుందాం. అప్పుడు కూడా నేరం సమక్షంలో జరగాలన్న షరతు పోదు. వెంటనే పోలీసులకు అప్పజెప్పాలన్న షరతు పోదు. వెతికే అధికారం రాదు. ఫైన్ వేసే అధికారం అసలే రాదు.

మరొకటి ఉంది, అన్నిటికంటే ముందు అడగాల్సింది. అది దొంగతనమేనా? దొంగతనం కావాలంటే దురుద్దేశం ఉండాలి, సొంతదారు ఒప్పుదల లేకుండా వస్తువును కదిలించాలి. సెల్ఫ్ సర్వీస్ దుకాణంలో వస్తువును అరలోంచి తీసి బుట్టలో వేసుకోవడానికి సొంతదారే ఒప్పుకున్నాడు. కాబట్టి బిల్లింగ్ దాటేదాకా ఎవరి మనసులో ఏముందో చెప్పడం కష్టం. దాటాక కూడా, నాలుగున్నరేళ్ల బిడ్డ చేతిలోంచి సంచిలో పడిన వస్తువుకు తల్లి మనసులో దురుద్దేశం ఎక్కడ దొరుకుతుంది? ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదని చట్టం సూటిగా చెప్పింది. "పాప వేసుకుంది, డబ్బులిస్తాను" అని అక్క మొదటి నిమిషంలోనే చెప్పింది. బిల్లు వేసి పంపాల్సిన చోట గది తలుపు దగ్గరికి వేశారు.

ఆ తలుపు గురించి చెప్పాలి. గడియ పెట్టలేదని మేనేజర్ తర్వాత నాతో అన్నాడు. గడియ అక్కర్లేదు. ఒక మనిషిని ఫలానా హద్దు దాటి పోనివ్వకుండా ఆపితే చాలు, అది అక్రమ నిర్బంధం. గుమ్మంలో ఆజానుబాహువు ఒకడు నిలబడితే నాలుగున్నరేళ్ల బిడ్డతో ఉన్న ఆడమనిషికి అదే గడియ. న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద దీనికి ఏడాది దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఒప్పుకోలు రాయించడానికో, వస్తువు కక్కించడానికో నిర్బంధిస్తే శిక్ష మూడేళ్ల దాకా పోతుంది. నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. 129 రూపాయల దొంగతనం నాన్‌కాగ్నిజబుల్. ఆ మనిషిని గదిలో కూర్చోబెట్టడం కాగ్నిజబుల్. ఆ రోజు నేను 112కు ఫోన్ చేసి ఉంటే, పోలీసులు వెంటనే కేసు కట్టగలిగింది మా అక్క మీద కాదు. నేను ఫోన్ చేయలేదు. "స్టేషన్" అనే మాటకు మా ఇంట్లో అందరం వణుకుతాం. వాళ్లు నమ్ముకున్నది ఆ వణుకునే.

వెతకడం గురించి చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. మామూలు మనిషి ఎవరినైనా పట్టుకుంటే, ఆ మనిషిని వెతికే అధికారం ఎవరి చేతికి అప్పజెప్పాడో ఆ పోలీసు అధికారిదే. నాగరిక సురక్షా సంహిత 49వ సెక్షన్. ఆడవాళ్లను ఆడవాళ్లే, మర్యాదకు ఏ లోటూ రాకుండా వెతకాలి అని అందులోనే ఉంది. ఆ పందొమ్మిదేళ్ల అమ్మాయి ఆడపిల్లే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. అక్కడ వెతకడమే కుదరదు. గేటు దగ్గర "బిల్లు చూపించండమ్మా, సంచి ఒకసారి చూస్తాం" అని అడగొచ్చు. మనం చూపిస్తే అది మన ఒప్పుదల. చూపించను అంటే, వాళ్లు రేపటి నుంచి మా దుకాణానికి రావద్దు అనొచ్చు. ఒంటి మీద చెయ్యి వేయడం మాత్రం వేరే సంగతి. దాన్ని చట్టం బలప్రయోగం అంటుంది. ఆడవాళ్ల విషయంలో అది మర్యాదను భంగపరిచేదిగా ఉంటే ఏడాదికి తక్కువ కాకుండా ఐదేళ్ల దాకా జైలు.

పొద్దు గూకాక, తెల్లవారేలోపు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు, తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి ముందే మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి. ఈ జాగ్రత్త పోలీసులకే పెట్టారు. మా అక్కను పట్టుకున్నది ఆరుంబావుకు. అక్టోబరులో ఆ వేళకు కడపలో దీపాలు పెట్టేసి ఉంటారు.

ఫైన్ సంగతి సులువు. జరిమానా వేసేది కోర్టు. దుకాణం గోడ మీద "దొంగతనం చేస్తే వస్తువు విలువకు పదింతలు వసూలు చేయబడును" అని బోర్డు రాసుకున్నంత మాత్రాన అది చట్టం కాదు. కేసు పెడతామని భయపెట్టి డబ్బు పుచ్చుకోవడాన్ని బలవంతపు వసూలు అంటారు, న్యాయ సంహిత 308, ఏడేళ్ల దాకా శిక్ష. దొంగతనానికి మూడేళ్లు, దొంగ అని బెదిరించి డబ్బు లాక్కుంటే ఏడేళ్లు. ఇక ఆ ఒప్పుకోలు కాగితం. భయపెట్టో ఆశపెట్టో పై చేతిలో ఉన్నవాళ్లు రాయించుకున్న ఒప్పుకోలు కోర్టులో పనికిరాదని సాక్ష్య చట్టం ఎప్పటి నుంచో చెబుతోంది, కొత్త సాక్ష్య అధినియంలోనూ అది ఉంది. కోర్టులో పనికిరాని కాగితం మరి ఎందుకు రాయించుకున్నారు? మనం మళ్లీ నోరెత్తకుండా ఉండటానికి.

ఇప్పుడు ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషి గురించి రాయాలి. ఆ రాత్రి నేను అతన్ని అసహ్యించుకున్నాను. తర్వాత మా మేనమామ గుర్తొచ్చాడు. మామ ఎర్రగుంట్ల వైపు నుంచి నాపరాళ్ల లోడు తీసుకుపోయే లారీకి డ్రైవర్‌గా ఇరవై ఏళ్లు పనిచేశాడు. చూపు మందగించాక లారీ వదిలేసి, ఏజెన్సీ ద్వారా ఒక దుకాణంలో సెక్యూరిటీగా చేరాడు. రోజుకు పన్నెండు గంటలు నిలబడే పని. ఒకరోజు పోయి అడిగాను. "మామా, నీకు ట్రైనింగ్ ఏమిచ్చినారు?"

"ట్రైనింగ్ ఏముండాది అల్లుడూ. యాడ నిలబడాల్నో చూపించినారు, సార్ వస్తే సెల్యూట్ కొట్టమన్యారు. మధ్యాన్నం నుంచి డ్యూటీ ఎక్కినా."

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల ఫీల్డ్ శిక్షణ ఇవ్వాలి, అది కనీసం 20 పనిదినాల్లో సాగాలి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు ఇంతకంటే తక్కువ. ఆ శిక్షణలో శిక్షాస్మృతి గురించి కనీస పరిజ్ఞానం, ఆత్మరక్షణ హక్కు, స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ ఎలా ఇవ్వాలి అన్న పాఠాలు కూడా ఉన్నాయి. మా మామకు ఇందులో ఒక్క గంట కూడా అందలేదు. అందివుంటే, ఎవరిని ముట్టుకోవచ్చో ఎవరిని ముట్టుకోకూడదో అతనికి తెలిసేది. అది కొనుక్కునేవాళ్లకే కాదు, అతనికీ రక్షణ.

"బీప్ మోగితే ఏం చేస్తావు?" అన్నాను.

"పట్టుకోవాల్నంట. సరుకు తగ్గితే మా జీతంలో కోస్తారు. పోయిన నెల ఎనిమిది వందలు కోసినారు. నేను చూసింది ల్యా, చేసింది ల్యా. మరి పట్టుకోకుంటే ఎట్ల?"

జీతం కోతకూ చట్టం ఒక పద్ధతి పెట్టింది. ఆ మనిషికి అప్పగించిన వస్తువు, ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, అతని సంజాయిషీ వినాలి, ఆ తర్వాతే కోత. సరుకు లెక్క తగ్గిందని ఆ నెల డ్యూటీలో ఉన్న అందరి జీతాల్లో తలా ఇంత కోసెయ్యడం కుదరదు. కానీ జరుగుతున్నది అదే. కడుపు మీద కత్తి పెట్టి మనిషిని గేటు దగ్గర నిలబెడితే, ఆ కత్తి భయం అతను ఎవరి మీద చూపిస్తాడు? కారు దిగి వచ్చిన ఆసామి మీద చూపించడు. గుడ్డసంచి పట్టుకున్న ఆడమనిషి మీద, బురఖాలో వచ్చిన తల్లి మీద, పల్లె నుంచి పండగ బట్టలకు వచ్చిన కూలి మనుషుల మీద చూపిస్తాడు. ఈ మధ్య నేను ఏ దుకాణానికి పోయినా గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూస్తున్నాను. ఎవరి సంచి తెరిపిస్తున్నారో, ఎవరికి నమస్కారం పెడుతున్నారో చూడండి. లెక్కలు రానివాళ్లకు కూడా ఆ లెక్క అర్థమవుతుంది.

రేపు ఆ గదిలో ఏదైనా జరగరానిది జరిగితే కేసు మొదట పడేది మా మామ లాంటివాళ్ల మీదే. చెయ్యి పట్టుకున్నది అతనే, గుమ్మంలో నిలబడ్డది అతనే. చేయించినవాడూ నేరంలో భాగస్థుడే అని చట్టం చెబుతుంది, కానీ చేయించినట్టు కాగితం ఉండదు. ఉత్తర్వు నోటితో, శిక్ష చేతులకు. అందుకే నా కోపం ఇప్పుడు ఆ మనిషి మీద లేదు. ఆ గదిని కట్టినవాళ్ల మీద, ఆ బోర్డు రాయించినవాళ్ల మీద ఉంది.

యూనిఫాం గురించి కూడా ఒక మాట. ఆ దుకాణంలో గార్డుకు ఖాకీ వేసి, భుజం మీద నక్షత్రాలు కుట్టించారు. పోలీసు యూనిఫాంను గానీ, దాన్ని పోలిన దుస్తులను గానీ ప్రైవేటు గార్డు వేసుకుంటే అతనికీ ఏజెన్సీ యజమానికీ ఏడాది దాకా జైలు గానీ 5,000 దాకా జరిమానా గానీ పడుతుందని ఆ 2005 చట్టంలోనే ఉంది. ఆ నియమం ఎందుకు పెట్టారో మా అక్కను అడిగితే తెలుస్తుంది. "పోలీసాయన అనుకున్నానురా, అందుకే ఎదురు మాట్లాడలేదు" అంది.

మరి దొంగల్ని వదిలేయమంటావా అని అడుగుతారు. మా కాలేజీలోనే ఒకాయన అడిగాడు. వదిలేయమని నేను అనను. దుకాణం పెట్టుకున్నవాళ్ల కష్టం నాకు తెలుసు. నాగరాజుపేటలో నా చిన్ననాటి స్నేహితుడికి ఫ్యాన్సీ షాపు ఉంది. నెయిల్ పాలిష్, క్లిప్పులు, చెవి రింగులు పోతూనే ఉంటాయి. ఒక్కో వస్తువు చిన్నదే, నెలాఖరుకు అద్దె కట్టాల్సిన డబ్బులో అవన్నీ తేలతాయి. అతని కళ్లెదుట ఎవరైనా గల్లాపెట్టెలో చెయ్యి పెట్టి పారిపోతుంటే ఆపొచ్చు. ఆస్తిని కాపాడుకునే హక్కు న్యాయ సంహితలో ఉంది. దొంగ వస్తువుతో పారిపోయేదాకా, లేదా వస్తువు తిరిగి దక్కేదాకా, లేదా పోలీసుల సాయం అందేదాకా ఆ హక్కు ఉంటుంది. అవసరమైన దానికంటే ఎక్కువ బలం వాడకూడదు, పోలీసులను పిలిచే వ్యవధి ఉన్నప్పుడు పిలవాలి. పట్టుకుని కూర్చోబెట్టాక, వస్తువు బల్ల మీదికి వచ్చాక, కొట్టడానికీ తిట్టడానికీ ఆ హక్కు సరిపోదు.

నా స్నేహితుడు ఏం చేస్తాడో చెబుతాను. చిన్న సామాన్లన్నీ గల్లా వెనక అద్దాల పెట్టెలో పెట్టాడు. బిల్లు అయిపోయాక ప్రతి ఒక్కరినీ, ప్రతి ఒక్కరినీ అని నొక్కి రాస్తున్నాను, ఒక ప్రశ్న అడుగుతాడు: "ఇంకేమన్నా బిల్లు వేయాల్నా అక్కా? పిల్లోల్ల చేతిలో ఏమన్నా ఉండాయా?" అంతే. పిల్లల చేతిలో ఉన్నవి బయటికొస్తాయి. పెద్దవాళ్లు కావాలని వేసుకున్నవి కూడా చాలాసార్లు "అయ్యో, మర్చిపోయినా" అంటూ బయటికొస్తాయి. ఎవరి పరువూ పోదు, అతని వస్తువు అతనికి దక్కుతుంది. ఆ రోజు ఆ దుకాణంలో మా అక్కను ఎవరైనా ఈ ఒక్క మాట అడిగి ఉంటే, 129 రూపాయలు బిల్లులో చేరేవి.

అంతకు మించి జరిగితే పోలీసులున్నారు. కెమెరా రికార్డు చెరిగిపోకుండా భద్రపరిచి, ఫిర్యాదుతో పాటు ఇవ్వండి. ఫిర్యాదు ఇవ్వండి, పంచాయితీ చేయకండి. ఆ రికార్డును ఫోన్‌లో పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో "ఈమె దొంగ, జాగ్రత్త" అని తిప్పేవాళ్లు ఉన్నారు. కోర్టు చెప్పకుండా ఒకరిని దొంగ అని ఊరంతా చాటడం పరువు నష్టం, రెండేళ్ల దాకా శిక్ష పడగల నేరం. ఆ బొమ్మలో ఉన్నది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే మరీ దారుణం. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు మీడియాలో బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి. బడి పిల్లవాడు ఒక చాక్లెట్ జేబులో వేసుకున్నందుకు వాడి ముఖం ఊళ్లో ప్రతి ఫోన్‌లోకీ పోతే, వాడు మళ్లీ బడికి ఎట్లా పోతాడు?

2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టప్పాడిలో బియ్యం దొంగిలించాడని ఒక ఆదివాసీ యువకుణ్ణి పట్టుకుని, చేతులు కట్టి, కొట్టి చంపారు. పట్టుకున్నవాళ్లు అతనితో సెల్ఫీలు తీసుకున్నారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది. అక్కడా మొదలు "దొంగను పట్టుకున్నాం" అన్న మాటే. మెట్ల కింద గదికీ, అట్టప్పాడి అడవికీ మధ్య దూరం చాలా ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ పట్టుకున్నవాణ్ణి ఏమైనా చేయొచ్చు అన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే. అందుకే నాకు ఈ గది చిన్న విషయంగా కనిపించదు.

మీలో ఎవరికైనా రేపు ఇది ఎదురైతే, నేను చేయనిది మీరు చేయండి. గేటు దగ్గర అందరి ముందే నిలబడండి, లోపలి గదిలోకి వెళ్లకండి. బిల్లు చేతిలో ఉంచుకోండి. పొరపాటున వస్తువు సంచిలో ఉంటే అక్కడే చెప్పి డబ్బు ఇవ్వండి. "దొంగతనం అనుకుంటే పోలీసులను పిలవండి, నేను ఇక్కడే ఉంటాను" అనండి. వాళ్లు పిలవకపోతే మీరే 112కు చేయండి. సంతకం పెట్టకండి, ఫోటో తీయనివ్వకండి, ఫైన్ పేరుతో ఒక్క రూపాయి ఇవ్వకండి. భయం వేస్తుంది, నాకు తెలుసు. కాళ్లు వణుకుతున్నా ఆ ఒక్క మాట అనండి. తర్వాత జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, జిల్లా కోర్టు దగ్గరే ఉంటుంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. 1987 నాటి చట్టం అది. మా అక్కకు ఈ సంగతి చెబితే, "నాకు కూడానా?" అంది.

దుకాణాల వాళ్లను నేను అడిగేది కూడా పెద్దదేమీ కాదు. ఆ గదిలో అట్టపెట్టెలు పెట్టుకోండి, మనుషులను పెట్టకండి. పదింతల బోర్డు పీకేయండి. మీ గార్డుకు ఖాకీ తీసేసి వేరే రంగు వేయండి, ఏజెన్సీని శిక్షణ కాగితాలు చూపించమని అడగండి, సరుకు తగ్గితే అతని జీతం ముట్టుకోకండి. అతను ఏం చేయొచ్చో ఏం చేయకూడదో తెలుగులో ఒక పేజీ రాసి, మీరు సంతకం పెట్టి అతని చేతికి ఇవ్వండి. మా మామకు నేను అలాంటి పేజీ రాసి ఇచ్చాను. "దీని మీద మా సార్ సంతకం ఉంటే బాగుండు అల్లుడూ" అన్నాడు.

అక్క రాసిచ్చిన కాగితం ఇంకా ఆ దుకాణం సొరుగులోనే ఉంది. ఫోటో ఎవరి ఫోన్‌లో ఉందో తెలియదు. డబ్బు పోతే పోయింది గానీ ఆ కాగితం నాకు కావాలి అని అక్క మొన్న మొదటిసారి నోరు విప్పి అడిగింది. ఫిర్యాదు రాశాం. తేదీ, వేళ, గదిలో ఉన్నవాళ్లు, ఫోన్‌లో పంపిన మూడు వేల రసీదు, 2,340 బిల్లు నకలు అన్నీ జతపెట్టాం. సోమవారం పొద్దున వన్ టౌన్ స్టేషన్‌కు వెళ్తున్నాం. మామ కూడా డ్యూటీ మార్చుకుని వస్తానన్నాడు.